మెమోలోని పుట్టిన తేదీ

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మా అమ్మాయి అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివింది. ఫలితాలు రాగానే విత్తనాలు, పురుగుమందులు అమ్మే ఒక కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు చేరింది. చేరేటప్పుడు పదో తరగతి ఒరిజినల్ మెమో తీసుకున్నారు. మధ్యలో మానేస్తే రూ.50 వేలు కట్టాలని వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. జీతం లేదు. బండి పెట్రోలు కూడా మాదే. పోయిన నెల ఒక మిరప తోటలో డెమో అని చెప్పి అమ్మాయి చేత మందు కొట్టించారు. సాయంత్రానికి వాంతులు, కళ్ల మంటలు. ఇక వద్దని మాన్పించాం. డబ్బు కడితేనే మెమో ఇస్తామంటున్నారు. తనకింకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఏం చేయమంటారు? – ఒక రైతు

జవాబు: ఉత్తరమంతా రాసి, చివర్లో మాటవరసకన్నట్టు అమ్మాయి వయసు చెప్పారు. బాండు సంగతి అక్కడే తేలిపోయింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. మైనరు చేసిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మన కోర్టులు నేటికీ ఆ మాట మీదే ఉన్నాయి. పద్దెనిమిది నిండాక 'అప్పటి సంతకానికి కట్టుబడతాను' అని రాయించుకున్నా ఆ బాండుకు ప్రాణం రాదు. రాజీ పేరుతో కొత్త కాగితం తెస్తే మాత్రం మీరు గానీ, అమ్మాయి గానీ సంతకం పెట్టకండి. పాత బాండు మీద మీరు హామీ సంతకం చేసినట్టు ఉత్తరంలో లేదు, మంచిదైంది. చేసి ఉంటే మీ మీద వాదించడానికి వాళ్లకు కాస్త చోటు దొరికేది.

మైనరని మాకు తెలియదని కంపెనీ అనడానికీ లేదు. పుట్టిన తేదీ అచ్చేసిన మెమో వాళ్ల బీరువాలోనే ఉంది!

బీఎస్సీ అగ్రికల్చర్ చదివే పిల్లలూ బాండ్ల గురించి అడుగుతుంటారు. వాళ్లు మేజర్లు కాబట్టి ఇంత తేలిగ్గా బయటపడలేరు. అయినా బాండులో ఎంత అంకె వేసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. ఆ అంకె దానికి పైహద్దు మాత్రమే. 2025లో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో రూ.2 లక్షల బాండును సమర్థించిందని కొందరు భయపెడుతున్నారట. అది మూడేళ్లు పనిచేస్తానని ఒప్పుకుని, జీతం తీసుకుంటూ, గడువుకు ముందే వెళ్లిపోయిన బ్యాంకు అధికారి కేసు. పైసా ఇవ్వని ఇంటర్న్‌కు దాన్ని చూపిస్తే బెదరక్కర్లేదు.

ఇక మెమో. అది మీ అమ్మాయిది. చెల్లని బాండుకు దాన్ని తాకట్టులా పట్టి ఉంచే హక్కు ఎవరికీ లేదు. ఏ తేదీన, ఎవరి చేతికి ఇచ్చారో రాసి, వారం రోజుల్లో తిరిగివ్వాలని కంపెనీకి ఉత్తరం పెట్టండి. డెలివరీ రుజువు దొరికేలా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. స్పందన లేకపోతే ఆ ఉత్తరం కాపీతో పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. డిప్లొమా సర్టిఫికెట్ కూడా అడిగి ఉంటే అస్సలు ఇవ్వకండి. 2015లో నిబంధనలు మారాక పురుగుమందుల దుకాణం లైసెన్సుకు తగిన చదువున్న మనిషి కావాలి. అందుకే వ్యవసాయ సర్టిఫికెట్లను 'అద్దెకు' అడిగేవాళ్లు తయారయ్యారు. రేపు ఆ కొట్టులో నకిలీ మందు దొరికితే పేరు ఎవరిది బయటికొస్తుందో ఆలోచించండి.

జీతం విషయంలో అంత గట్టిగా చెప్పలేను. యూనివర్సిటీ తన విద్యార్థులను పల్లెలకు పంపే రావెప్ చదువులో భాగం. ఐసీఏఆర్ 'స్టూడెంట్ రెడీ' కింద దానికి నెలకు రూ.3,000 చొప్పున ఆరు నెలల దాకా స్టైపెండ్ ఉంది. అప్రెంటిస్‌గా తీసుకుంటే 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం, దానికి రిజిస్ట్రేషన్, స్టైపెండ్ తప్పనిసరి. శిక్షణలో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా యజమానిదే. ఈ రెండూ కాని ఉత్త 'ఇంటర్న్‌షిప్'కు ఇంత ఇవ్వాలని చెప్పే చట్టం లేదు. కంపెనీలు ఆ పేరు మీద మక్కువ చూపేది అందుకే. అయితే నేర్పడం మానేసి డీలర్ల చుట్టూ తిప్పి, అమ్మకాల టార్గెట్లు పెట్టి ఉద్యోగి పని చేయించుకుంటే, పేరు ఏది పెట్టినా అది పనే. కనీస వేతనం కోసం కార్మిక శాఖకు అర్జీ పెట్టొచ్చు. వాట్సాప్‌లో వచ్చిన టార్గెట్లు, రోజూ పంపమన్న లొకేషన్లు, పెట్రోలు బిల్లులు ఏవీ చెరపకండి.

నాకు కోపం తెప్పించింది మందు కొట్టించిన సంగతి. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం మందు చల్లేవాళ్లకు రక్షణ దుస్తులు, చేతి తొడుగులు, ముక్కుకు రక్షణ ఉండాలి, జాగ్రత్తలపై శిక్షణ ఇవ్వాలి. మీ అమ్మాయికి చున్నీ కట్టుకోమన్నారేమో! ఆ రోజు చూసిన డాక్టరు చీటీ, మందు డబ్బా లేబుల్ ఫొటో, తోట రైతు పేరు రాసి పెట్టుకోండి. ఫిర్యాదులో ఇదీ చేర్చండి, మండల వ్యవసాయాధికారికీ ఒక కాపీ ఇవ్వండి.

ఇంకో మాట, ఊళ్లు తిరిగే ఆడపిల్లలందరికీ. పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 జీతం లేని ట్రైనీకి కూడా వర్తిస్తుంది. పని మీద వెళ్లిన తోట, ఎక్కిన కంపెనీ జీపు కూడా ఆ చట్టం దృష్టిలో పనిచోటే. పది మంది లోపు పనిచేసే సంస్థ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి.

వీటన్నిటికీ వకీలు ఫీజు ఎక్కడ తేవాలని దిగులు పడకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. మీ దగ్గరి కోర్టు ఆవరణలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు మెమో జిరాక్సు, ఆధార్, దొరికితే బాండు కాపీ తీసుకెళ్లండి. కంపెనీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి.