పల్నాటి ఎండలో లాలా పుష్పం

ఉర్దూ సాహిత్యంతో పరిచయమున్న విద్యార్థులకు 'లాలా' అనే మాట కొత్తది కాదు. ఎర్రని రేకుల నడుమనున్న నల్లని మచ్చను కవులు ప్రేమాగ్నిలో కాలిన గుండెగా వర్ణించిన పుష్పమదే. ఆంగ్లేయులు దానిని తులిప్ అన్నారు. ఆ పేరు తలపాగాను తెలిపే తుర్కీ మాటనుండి పుట్టినది.

దీనిని మన కళాశాల తోటలో పెంచగలమా? నేరుగా నేలలో నాటితే ఫలితముండదని చెప్పక తప్పదు. ఇది మధ్య ఆసియా పర్వతసీమల మొక్క. ఉల్లిగడ్డ వంటి దాని దుంపలో మొగ్గ వేసవిలోనే రూపొందుతుంది. కాని 12 నుండి 16 వారాలపాటు సుమారు 5 డిగ్రీల చల్లదనం లభించనిదే కాడ చక్కగా సాగదు. శ్రీనగరంలో జబర్వన్ కొండల పాదాన 2008లో ప్రారంభమైన తోటకు ఆ చలిని ప్రకృతియే ప్రసాదిస్తున్నది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల పొరుగువారమైన మనకు ఆ చలి ఎక్కడిది!

అయితే ఒక ఉపాయం కలదు. సెప్టెంబరు నడుమ దుంపలను కాగితపు సంచిలో ఉంచి రిఫ్రిజిరేటరులో, మంచు అరలో కాక క్రింది అరలో, దాచవలెను. ప్రక్కన ఆపిల్ వంటి పండ్లు ఉండరాదు. వాటినుండి వెలువడే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపివేస్తుంది. డిసెంబరు చివర కుండీలలో నాటి, ఎండ తీవ్రత సోకనిచోట ఉంచవలెను. నల్లరేగడి ఒంటరిగా పనికిరాదు. ఇసుక కలుపకున్న నీరు నిలిచి దుంప కుళ్ళుతుంది. ముందుగా పూచే, జానెడు ఎత్తు కాఫ్‌మానియానా జాతి కుండీలకు అనువైనది. పూచినా మన వేడికి రేకులు త్వరగా రాలుతాయి. ఆ దుంప మరుసటి ఏడు పూస్తుందని ఆశించరాదు.

కనుక ముచ్చటకు నాలుగు కుండీలు చాలునని, తోటకై కమిటీవారు కేటాయించే సొమ్ము నేలసంపెంగకు వెచ్చించుట మేలని మా అభిప్రాయం. ఉర్దూలో గుల్-ఎ-షబ్బో అనబడే ఈ మెక్సికో మొక్క చలిని కోరదు. రెండంగుళాల లోతున, అడుగు దూరాన నాటిన దుంప పిల్లలు పెట్టి, మరుసటి ఏటి నాటుకు విత్తనాన్ని తానే సమకూరుస్తుంది.