ద్విపద నెఱిగినవారికి బైపెడ్ క్రొత్త కాదు

ప్రాచీన రోము నగరమున ప్రజలు ఎన్నుకొను పదవులను కోరి నిలిచినవారు, తాము ధరించు టోగా అను వస్త్రమును సుద్దతో రుద్ది మిక్కిలి తెల్లగా మెఱయునట్లు చేసికొని, జనసమ్మర్దముగల వీథులలో ఇటునటు తిరుగుచు, ఎదురైనవారి నెల్ల సమ్మతి వేడుచుండెడివారు. లాటినున క్యాండిడస్ అనగా ధవళమైనది. ఆ ధవళవస్త్రధారియే నేటి క్యాండిడేట్. అట్లు చుట్టును తిరుగుటను తెలుపు అంబిరె అను క్రియనుండి పుట్టినది ఆంబిషన్. దరఖాస్తులో క్యాండిడేట్ అను మాట ప్రక్కన దినదినమును తన పేరు వ్రాయుచున్న మన యువకునకు, దాని వెనుక నొక తెల్లని వస్త్రమున్నదని తెలిసెనేని, క్యాండర్ అనగా నిష్కాపట్యమేల అయినదో వేఱొకరు చెప్పనక్కఱ లేదు.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి పరీక్షలకును, బ్యాంకు ఉద్యోగముల పరీక్షలకును, విదేశవిద్య కోరువారు వ్రాయు జి.ఆర్.ఇ.కిని సిద్ధపడు విద్యార్థులు, అరుదైన ఆంగ్లపదముల పట్టికలను చేతబట్టి, వేకువనే లేచి, ఎక్కములవలె వల్లించుట నేను చాలకాలముగా చూచుచున్నాను. పట్టికలోని మాట పరీక్షామందిరమున యథాతథముగా ఎదురైన జ్ఞప్తికి వచ్చునేమో గాని, దాని తోబుట్టువు ఎదురైనచో రాదు. అంతకన్న నన్ను బాధించునది, తెలుగు మాధ్యమమున చదివినవారు ఆ చదువే తమకు అడ్డమైనదని తలవంచుకొనుట. వారు భయపడుచున్న ఈ పెట్టెకు తాళపుచెవి ఆ చదువులోనే కలదని నా దృఢవిశ్వాసము.

1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సభలో ప్రసంగించుచు సర్ విలియం జోన్స్, సంస్కృత గ్రీకు లాటిను భాషల ధాతువులందును వ్యాకరణరూపములందును కానవచ్చు సామ్యము యాదృచ్ఛికము కాజాలదనియు, అవి ఏదో యొక మూలభాషనుండి పుట్టియుండవలెననియు చెప్పెను. తెలుగు ఆ కుటుంబములోనిది కాదని 1816లో మద్రాసున ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ చూపిన మాట నిజమే. అయినను వేయేండ్లుగా తత్సమములను మన నుడిలో కలుపుకొంటిమి గనుక, ఆ బంధుత్వఫలము మనకును దక్కినది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును రచించిన ఛందస్సు ద్విపద. రెండు పాదములు గల ప్రాణి ఆంగ్లమున బైపెడ్. ఇచట ద్వి, అచట బి. ఇచట పాదము, అచట పెడ్. నాలుగు కాళ్ల జంతువు మనకు చతుష్పాత్తు, వారికి క్వాడ్రుపెడ్. మూడు దంతములు గల ఆయుధము ట్రైడెంట్. అగ్నితో పుట్టిన శిల ఇగ్నియస్; నక్తంచరములు నాక్టర్నల్ ప్రాణులు. గృహమునకు ప్రాచీననామమైన దమశబ్దము మన దంపతులలో దాగియున్నది. దాని లాటిను జ్ఞాతియైన డోమస్, తహసీలుదారు కార్యాలయమున మనము వేచియుండి తెచ్చుకొను డొమిసైల్ పత్రములో దాగియున్నది.

ధాతువు నొకదానిని పట్టుకొని దాని సంతానము నంతటిని ఒక్కమాఱు పలుకరించుట ఎంత లాభకరమో చూడుడు. లాటినున లొక్వి అనగా మాటలాడుట. ఎడతెగక మాటలాడు వాచాలుడు లొక్వేషస్. సభ మెచ్చునట్లు మాటలాడు వాగ్మి ఎలొక్వెంట్. జనులు కూడి మాటలాడుకొను వ్యావహారికము కలోక్వియల్. నాటకమున పాత్ర ఒంటరిగా పలుకు స్వగతము సొలిలొక్వీ. పెదవి కదలింపక, ధ్వని కడుపులోనుండి వచ్చుచున్నదో యన్నట్లు పలుకువాడు వెంట్రిలొక్విస్ట్. ఒకనికి ఎదురుగా పదుగురు పలుకు నింద ఆబ్లొక్వీ. ఇక మన స్వప్నమునకు లాటినున జ్ఞాతి సామ్నస్, దాని అర్థము నిద్ర. నిద్ర పట్టమి ఇన్‌సామ్నియా. నిద్రలో మాటలాడుట సామ్నిలొక్వీ. నిద్రలో నడచువాడు సామ్నాంబులిస్ట్ అనగానే అంబులారె, నడచుట, అను మఱియొక ధాతువు చేజిక్కినది. యుద్ధభూమిలో సైన్యము వెంట కదలిపోవు వైద్యశాలను ఫ్రెంచివారు నడచు ఆసుపత్రి యన్నందున అంబులెన్స్ ఏర్పడినది. మన రాజ్యాంగమునకు ముందు నడచునది గనుక ప్రియాంబుల్ అయినది. ఇన్ని మాటలకును కంఠస్థము చేయవలసినవి మూడు ధాతువులే. మన ప్రాణశబ్దములోని ధాతువుతోనే చుట్టఱికముగల అనిమస్ అను మాటకు మనస్సు, ధైర్యము అని అర్థము. అది పెద్దదైన మాగ్నానిమస్, అతిస్వల్పమైన ప్యూసిలానిమస్, సమమైన ఈక్వానిమిటీ. పిఱికివానికి ప్యూసిలానిమస్ అని పేరేల వచ్చెనో ఇట్లు తెలిసినవాడు మఱల మఱవడు.

అయితే ధాతువును గ్రుడ్డిగా నమ్మరాదు. ఇన్ అను ఉపసర్గ తఱచుగా నిషేధమును తెలుపును గదా యని ఇన్‌ఫ్లేమబుల్ అనగా మండనిదని తలచువాడు ప్రమాదమున పడును. అచట ఇన్ నిషేధము గాదు, అది సులభముగా మండునది. పీడియాట్రిక్స్‌లోని తొలిభాగము లాటిను పాదము కాదు, గ్రీకు శిశువు. అర్థములు కాలక్రమమున తలక్రిందగుటయు కలదు: మందనుండి వెలికి నిలిచినవాడను భావముతో పుట్టిన ఎగ్రీజియస్ ఒకప్పుడు శ్రేష్ఠుడని ప్రశంసించినది, నేడు ఘోరమైన తప్పిదమును మాత్రమే సూచించుచున్నది. శాలరీ అను మాటలో ఉప్పు, లాటినున సాల్, ఉన్న మాట వాస్తవము. కాని రోము సైనికులకు జీతముగా ఉప్పునే కొలిచి యిచ్చిరను కథకు ప్రాచీనసాక్ష్యము లేదు. ఎవరి ఉప్పు తిన్నామో యని తలచుకొను జాతి గనుక మనకు ఆ కథ యింపుగా నుండును, అంతియే.

నేర్చిన మాటలను ప్రయోగించుటలో సంయమము కావలెను. ఒకటిన్నర అడుగుల పొడవైన మాటలను రోమకవి హొరేసు ఆక్షేపించెను. సెస్క్విపెడేలియన్ అను విశేషణము ఆయన ప్రయోగమునుండియే వచ్చినది, అందును మన పాదమే యున్నది. ఇంటర్వ్యూలో వాక్యము పర్‌స్పిక్యువస్‌గా, అనగా ఆవలివానికి లోపలి భావము కనబడునంత స్వచ్ఛముగా, ఉండుట మేలు. చదువునపుడు మాత్రము పర్‌స్పికేషస్‌గా, అనగా సూక్ష్మదృష్టితో, ఉండవలెను. దగ్గఱగా వినబడు ఈ జంట పరీక్షలలో ఎందఱినో తడబఱచును.

1949లో వెలువడిన నార్మన్ లూయిస్ గారి వర్డ్ పవర్ మేడ్ ఈజీ ధాతువుల వారీగానే సాగును, మన విద్యార్థులు పెక్కురకు అది సుపరిచితము. తత్సమముల సాయమును మాత్రము మనమే దానికి చేర్చుకొనవలెను. పెద్ద ఆంగ్ల నిఘంటువులలో ప్రతిపదమునకును చదరపు కుండలీకరణముల నడుమ జన్మవృత్తాంతముండును. తొందరలో కన్ను దానిని దాటిపోవును. 1852లో వెలువడిన తెలుగు నిఘంటువున సి. పి. బ్రౌను సయితము మాట సంస్కృతమో, తెలుగో ప్రక్కనే గుర్తించి యున్నాడు. ఈ రెండింటిని ఒకే బల్లపై తెఱచి, వెడల్పైన నోటుపుస్తకమున పుటకొక ధాతువును పైన వ్రాసి, ఎడమ ప్రక్క మన మాటలను, కుడి ప్రక్క వారి మాటలను నింపుచు, ఒక్కొక్కదానిని సొంత వాక్యమున ప్రయోగించి చూచుకొనుడు. మొదటి పుటకు పాదము చాలును.