ముడి ఎందుకు కాలింది?

పుష్యమాసం. ఆదిలాబాద్ దిక్కు చలి మస్తుగా ఉంటుంది. పొద్దుగాల నీళ్లు ముట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి.

ఒక ఇంట్లో కోడలు హీటరు కడ్డీ కొన్నది. పసిబిడ్డకు నీళ్లు కాచాలి. ప్లగ్గు ఇంట్లో ఉంది. బకెటు వాకిట్లో ఉంది. తీగ చాలలేదు. పాత బల్బు తీగ ముక్కను కలిపి ముడి వేసింది. పైన టేపు చుట్టింది.

మూడో రోజు కాలిన వాసన వచ్చింది. టేపు కరిగింది. ముడి నల్లబడింది.

"నేను చెప్తె విన్నవా? కట్టెల పొయ్యే నయం. ఈ కడ్డీని అవుతల పారెయ్యి" అన్నది అత్త.

కోడలు పారేయలేదు. స్విచ్చి బందు చేసింది. కరెంటు పని నేర్చుకున్న పిలగాణ్ణి పిలిచింది.

"కడ్డీ ఖరాబయిందా తమ్మీ?"

"చూసి చెప్తనక్కా. లెక్క చేస్తె దొంగ దొరుకుతడు" అన్నాడు అతను.

మూడు మాటలు

చెరువు నిండుగా ఉంటే తూము దగ్గర నీటి ఒత్తిడి ఎక్కువ. కరెంటుకు కూడా ఇలాంటి ఒత్తిడి ఉంది. దాన్ని వోల్టులలో కొలుస్తారు. మన ఇళ్లకు వచ్చేది సుమారు 230 వోల్టులు.

కాలువలో పారే నీరు ఎంతో, తీగలో పారే కరెంటు అంత అనుకోండి. దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు.

కాలువలో పూడిక ఉంటే నీటికి అడ్డం. తీగలో కూడా కరెంటుకు అడ్డం ఉంటుంది. దాన్నే నిరోధం అంటారు. ఓములలో కొలుస్తారు. జార్జ్ ఓమ్ జర్మనీ దేశంలో ఒక పంతులు. ఈ మూడింటి లెక్కను ఆయన 1827లో పుస్తకంగా అచ్చు వేశాడు. అందుకే ఆ పేరు.

రెండు లెక్కలు

వోల్టులు ÷ ఆంపియర్లు = ఓములు (నిరోధం)

వోల్టులు × ఆంపియర్లు = వాట్లు (శక్తి)

దొంగ దొరికాడు

ఆ పిలగాడు అందరినీ దూరం జరిపాడు. ఒక్క నిమిషం స్విచ్చి వేసి, మీటరుతో కొలిచాడు. ప్లగ్గు దగ్గర 230 వోల్టులు. కడ్డీ దగ్గర 220 వోల్టులే. తీగలో పారేది 5 ఆంపియర్లు. కోడలు పలక తీసింది. లెక్క తనే చేసింది.

కడ్డీ నిరోధం: 220 ÷ 5 = 44 ఓములు.

కడ్డీ శక్తి: 220 × 5 = 1100 వాట్లు.

కడ్డీ మీద కూడా 1100 వాట్లు అనే రాసి ఉంది. కడ్డీ మంచిదే! మరి 10 వోల్టులు ఎక్కడ పోయాయి? దారిలో పోయాయి.

దారిలో నిరోధం: 10 ÷ 5 = 2 ఓములు.

దారిలో పోయిన శక్తి: 10 × 5 = 50 వాట్లు.

ఇందులో ఎక్కువ భాగం ముడి దగ్గరే పోయింది. బొటనవేలంత ముడిలో అంత వేడి పుడితే టేపు కరగదా? నిప్పు అంటుకుంటే ఇల్లు మిగులుతుందా? అదే తీగకు బల్బు ఉన్నప్పుడు కరెంటు కొంచెమే పారింది. అందుకే తీగ వేడెక్కలేదు.

నష్టం ఇంకొకటి ఉంది. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిటు. 50 వాట్లు 20 గంటలు పోతే ఒక యూనిటు. అంటే దారిలో మాడిన కరెంటుకు కూడా బిల్లు కట్టాలి.

వోల్టేజీ తగ్గితే?

"ఒక్కొక్కపాలి నీళ్లు జల్ది కాగవేంది బిడ్డా?" అని అత్త అడిగింది. వోల్టేజీ 176కు పడిపోయిందనుకోండి.

176 ÷ 44 = 4 ఆంపియర్లు.

176 × 4 = 704 వాట్లు.

40 నిమిషాల్లో కాగే నీళ్లకు గంట దాటుతుంది. బావి మోటారు సంగతి వేరు. వోల్టేజీ తగ్గినా నీళ్లు ఎత్తక తప్పదు. అందుకే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. లోపలి చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. వోల్టేజీ బాగా తక్కువ ఉంటే మోటారు నడపవద్దు.

మన బొగ్గు, మన కరెంటు

కరీంనగర్ జిల్లాలో ఉండిన రామగుండం 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉంది. అక్కడ ఎన్‌టీపీసీ మొదటి యూనిటు 1983లో మొదలైంది. దాని శక్తి 200 మెగావాట్లు. అంటే 20 కోట్ల వాట్లు. అక్కడ మండేది సింగరేణి బొగ్గు. కార్మికులు కష్టపడి తీసిన బొగ్గు అది. దాన్ని ముడిలో మాడ్చుకోవడం న్యాయమా?

గుర్తుంచుకోండి

ఆ ఇంట్లో ముడి తీసేశారు. మందంగా ఉన్న ఒకే తీగ వేశారు. ఎర్తు ఉన్న మూడు కాళ్ల ప్లగ్గు పెట్టారు. అత్త ఇప్పుడు కట్టెల మాట ఎత్తడం లేదు.

- స్విచ్చి బందు చేసి, ప్లగ్గు తీసిన తర్వాతే బకెటు నీళ్లు ముట్టాలి.
- కడ్డీ నీళ్లలో మునిగిన తర్వాతే స్విచ్చి వేయాలి.
- పిల్లలను దగ్గరికి రానీయవద్దు.
- కొలతలు పని తెలిసినవారే తీయాలి. లెక్క మాత్రం అందరూ చేయవచ్చు.

మీరు చేయండి

1. ఇస్త్రీ పెట్టెకు 220 వోల్టులు అందుతున్నాయి. 4 ఆంపియర్లు పారుతున్నాయి. నిరోధం ఎంత? శక్తి ఎంత?
2. ఒక ముడి దగ్గర 5 వోల్టులు పోతున్నాయి. 5 ఆంపియర్లు పారుతున్నాయి. ముడి నిరోధం ఎంత? ఎన్ని వాట్లు వృథా?

జవాబులు: 1. 55 ఓములు, 880 వాట్లు. 2. 1 ఓము, 25 వాట్లు.

మీ ఇంట్లో ఎన్ని ముడులు ఉన్నాయి? ఇవాళే చూడండి.