అటుకదూలముల నడుమ గడ్డి

నూజివీటి తోటలలో చిన్నరసములు కోసినపిమ్మట గదిలో వరిగడ్డి పఱచి, కాయలను పేర్చి, మరల గడ్డి కప్పుట మన విద్యార్థు లందఱు నెఱిగినదే. రెండుమూడు దినములకు ఆ గడ్డిలో చేయి దూర్చినచో వెచ్చగా నుండును. ఆ వేడి గడ్డిది కాదు. కాయలు శ్వాసించుటచే పుట్టిన వేడిని గడ్డి వెలుపలికి పోనీయదు. ఆ గడ్డియే అటుకకడ నున్నచో పెంకుల వేడిని గదిలోనికి రానీయదు.

నిజమునకు ఈ పని చేయునది గడ్డిపోచల నడుమ చిక్కి కదలలేని గాలి. కదలని గాలికంటె టేకుచెక్క సుమారు 6 రెట్లును, నీరు 20 రెట్లకు పైగను వేడిని ప్రసరింపజేయును. ఇనుము సంగతి చెప్పనేల, వేలరెట్లు!

ఇది పుస్తకములో చదివియు మేము పొరపడితిమి. జ్వరపడిన బాలురు పరుండు గది వేసవిలో కొలిమివలె నుండెడిది. పైన అటుకపలకలు, వానిని మోయు దూలములు. ఆ దూలముల నడుమ గడ్డిని అణచి కూరి, క్రింద పురికొసలు కట్టి, పని యైనదనుకొంటిమి. అణచుటచే లోని గాలి చాలవఱకు పోయెను. వానకాలమున పెంకులసందుల నీరు కారి గడ్డి బరువెక్కెను, పురికొసలు సాగెను. మఱుసటి వేసవికి గడ్డి పలకలను వీడి నాలుగంగుళములు వ్రేలాడుచుండెను. చూరువైపునుండి వడగాలి ఆ సందున చొరబడుచుండగా గడ్డి యున్నను లేనట్లే. రోగులు మునుపటివలెనే ఉడికిపోయిరి.

చలిదేశములందు నేలయే పలకలతో నుండును. చలి క్రిందినుండి వచ్చును. అచ్చటివారు దూలముల నడుమ గాజునూలు పఱుపులను పలకలకు ఆనించి, ఎడముకంటె కొంచెము పొడవైన ఉక్కుకమ్ములను వంచి అడ్డముగా ఇఱికింతురు. స్కాట్లండులో 19వ శతాబ్దపు మేడలందు దూలముల ప్రక్కలకు సన్నని పట్టెలు కొట్టి, వానిపై పలకలు పఱచి, బూడిద నింపెడివారు. అది ముఖ్యముగా చప్పుడు నాపుటకు.

ఈ రెండు ఉపాయములను మేము కలిపితిమి. ముందుగా పెంకులు సరిచేయించితిమి. ఎండిన గడ్డిని వదులుగా, సందు లేకుండ పలకలకు తాకునట్లు పెట్టి, క్రింద ఈతచాప పట్టించితిమి. దూలముల ఎడము 16 అంగుళములు. వెదురుబద్దలను 16½ అంగుళములకు కోసి, అడుగున కొకటి చొప్పున, వంపు మీదికుండునట్లు ఇఱికించితిమి. వెదురు కొన్నాళ్లకు వంపునకు అలవడి పట్టు సడలును. కనుక బద్దల కొనలక్రింద దూలములకు చెక్కపట్టెలు మేకులతో బిగించితిమి. ఆ వేసవిలో జ్వరపీడితులు మధ్యాహ్నము నిదురింపగలిగిరి.

వంటయింటిపై మాత్రము గడ్డి వలదు. ఒక్క నిప్పురవ్వ చాలును. అచ్చట పెద్దలు వేసిన మట్టియటుకయే మేలు. విద్యుత్తుతీగెలున్న చోటను గడ్డి కూరరాదు. తొలకరికి ముందు ఏటేట చాప విప్పి చెదలను, ఎలుకలను చూడవలయును.

మామిడి మ్రగ్గవేసిన గడ్డి వాడవచ్చునా యని కొందఱు తలిదండ్రులు మమ్మడిగిరి. వలదు. పండ్లరసము తగిలిన గడ్డికి చీమలు పట్టును, చెమ్మచే బూజు పుట్టును. దానిని పశువులకొట్టములో పఱచుడు.