కొత్త కాలేజీలో నోరు పెగలడం లేదు

ప్రశ్న: మాది పాడేరు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. విశాఖలో ఇంజినీరింగ్‌లో చేరి రెండు నెలలైంది. క్లాసులో లేచి మాట్లాడాలంటే గొంతు ఎండిపోతోంది. మెస్‌లో ఒక్కదాన్నే తింటున్నాను. ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తోంది.

జవాబు: చూడమ్మా, మొహమాటం జబ్బు కాదు. భయపడి తప్పించుకున్న ప్రతిసారీ ఆ పూటకి హాయిగా ఉంటుంది, మర్నాటికి భయం ఇంకాస్త పెరుగుతుంది. అందుకే చిన్న పనితో మొదలుపెట్టు. నలుగురిలో కలవమని చెప్పను, ఒక్కరు చాలు. నీ ల్యాబ్ బ్యాచ్‌లో అమ్మాయిని రికార్డు గురించి అడుగు, ఆ సాయంత్రం మెస్‌కి కలిసి వెళ్లు. మాటకి ఏదో పని ఆసరాగా ఉంటే నోరు తేలిగ్గా పెగులుతుంది. జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో చేరమనేదీ అందుకే. ఏడాదికి 120 గంటలు మొక్కలు నాటుతూ, శిబిరాల్లో తిరుగుతూ ఉంటే పరిచయాలు వాటంతటవే అవుతాయి.

క్లాసులో లేచి అడగలేకపోతే సందేహాన్ని ముందే కాగితం మీద రాసుకుని, క్లాసయ్యాక మేడమ్‌ని విడిగా అడుగు. తెలుగులో అడిగినా తప్పులేదు. ప్రతి శనివారం ఊరెళ్తుంటే మాత్రం అది కొన్నాళ్లు మానుకో. స్నేహాలు ఎక్కువగా కుదిరేది సెలవు రోజుల్లోనే.

ఎవరైనా నీ యాసనో ఊరినో పట్టుకుని ఏడిపిస్తున్నారా? అది ర్యాగింగే. ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522కి చెప్పు. నిద్ర, తిండి రెండు వారాలుగా సరిగ్గా లేకపోతే ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.