పురుగుల మందు చల్లువారి భయమును, అలవాటును

పత్తిచేనిలో నాగుపాము కనబడిన రైతు నాలుగడుగులు వెనుకకు దుముకును. ఆ రైతే పురుగుల మందును వట్టిచేతితో కలిపి, ఎదురుగాలికి చల్లి, ఆ చేతితోనే బీడీ ముట్టించుకొనును. ఇది ధైర్యము కాదు, తెలివితక్కువయు కాదు. వెంటనే కాటువేయు ఆపదను మనస్సు గుర్తించినట్లుగా, చర్మము ద్వారా మెల్లగా దిగు ఆపదను గుర్తింపజాలదు. ఎండలో రబ్బరు తొడుగుల ఉక్క ఇప్పుడే తెలియును. విషము చేయు కీడు తరువాత తెలియును.

"20 ఏండ్లనుండి చల్లుచున్నాను, నాకేమైనది?" అని కరీంనగరు, ఆదిలాబాదు గ్రామములలో తరచుగా వినవచ్చును. దీనికి సమాధానము మన శరీరమందే యున్నది. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు నరముల పనిని క్రమపరచు కోలినెస్టరేజ్ అను ఎంజైమును అణచివేయును. అది మరల నిండుటకు వారములు పట్టును. ఈలోగా మరల మరల చల్లువానికి మొదటి లోటు పూడకమునుపే రెండవ దెబ్బ తగులును. కావున తొమ్మిదిసార్లు ఏమియు కాకపోవుట పదవసారికి పూచీ కాదు. తలనొప్పి, వాంతి, చెమట మొదలైనపుడు ఎండదెబ్బ యని తోసివేయుదురు.

2017లో పెన్‌గంగ కావలనున్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో, పత్తికి మందు చల్లుచు 20 మందికి పైగా మరణించిరి. వందలకొలది ఆసుపత్రుల పాలైరి. వారిలో కూలికి చల్లువారును ఉండిరి. మందును ఎన్నుకొనువాడొకడు, దానిని పీల్చువాడింకొకడు అయినచోట జాగ్రత్త మరింత సన్నగిల్లును.

ఇట్టి వార్తవలన కలుగు భయము కొన్నాళ్లే నిలుచును. ఉపన్యాసముల ఫలమును అంతంతమాత్రమే. ఉపన్యాసములిచ్చుట నావంటివారి వృత్తి యైనను ఈ మాట చెప్పక తప్పదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో కర్ట్ లెవిన్ అను శాస్త్రజ్ఞుడు, గృహిణులకు అలవాటులేని పశువుల గుండె, మూత్రపిండములు మొదలగువాటిని వండించు విషయమున రెండు మార్గములు పరీక్షించెను. ఉపన్యాసము విన్నవారిలో నూటికి 3గురు మాత్రమే వండిరి. తమలో తాము చర్చించి, చేతులెత్తి నిర్ణయించుకొన్నవారిలో నూటికి 32గురు వండిరి. పదిమంది యెదుట ఒప్పుకొన్న మాటకు బలమెక్కువ.

మన సంఘములకు ఈ మార్గము క్రొత్త కాదు. వానకాలపు పంటకు ముందు సభలో ఈ సంగతిని చర్చకు పెట్టి, చేతులెత్తించి తీర్మానింపుడు. తొడుగులు, ముఖకవచములు సంఘమే కొని గిడ్డంగిలో ఉంచవలెను. తొడుగులీయక కూలివానిచే చల్లించరాదు. రెండుమూడు మందులు ఇష్టమువచ్చినట్లు కలుపరాదు. ముక్కునకు గుడ్డ కట్టుకొన్న చాలునను భ్రమ వదలవలెను. మందుతో తడిసిన గుడ్డ విషమును ముక్కునకే అంటిపెట్టి యుంచును. ముఖకవచము ధరించు మొదటివానిని ఊరు నవ్వును. పదిమంది ఒక్కసారే ధరించినచో నవ్వువాడుండడు.

ఎవరికైన తల తిరిగి, నోట చొంగ కారి, కంటిపాప చిన్నదైనచో, తడిసిన బట్టలు తీసివేసి, సబ్బుతో ఒడలు కడిగి, తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. మందు డబ్బాను దాని చీటీతో సహా వైద్యునికి చూపుట మరువరాదు.