పెరటి మొక్కలకు పొడి యెరువా, నీటి యెరువా?

పెరటిలో వంగ, బెండ, మిరప పెంచు సభ్యులు ఈ ప్రశ్నను మమ్ము తరచుగా నడుగుచుందురు. నేలలో నాటిన మొక్కలకు పొడి యెరువే యాధారమని మా యభిప్రాయము. ఆముదపు పిండి మట్టిలో మెల్లగా కుళ్లి, కొన్ని వారములపాటు నత్రజని నిచ్చుచుండును. దానిని కాండమునకు తగులనీయక జానెడు దూరమున మట్టిలో కలిపి నీరు పెట్టవలెను. ఆ పిండిలో విషమున్నది. పశువులును కుక్కలును తినకుండ బాగుగా కప్పుట మిక్కిలి ముఖ్యము.

నీటి యెరువు త్వరగా పనిచేయును. అంత త్వరగానే నీటితో దిగిపోవును. కుండీలలోని మొక్కలకును, అడుగు ఆకులు పసుపెక్కిన మొక్కలకును అది తగును. లీటరు నీటిలో 10 గ్రాముల యూరియా కరగించి సాయంకాలమున ఆకులపై చల్లవచ్చును. చిక్కనైనచో ఆకులు మాడును. వేళ్లచెంత నీరు నిలిచి పసుపెక్కిన మొక్కకు మాత్రము ముందు నీరు తీయవలెను. యెరువు తరువాతి మాట.

సీసా యెరువు కొనునపుడు చీటిపై నత్రజని యెన్ని పాళ్లో చదువుడు. నూటికి 4 పాళ్లున్న అరలీటరు సీసాలో నత్రజని 20 గ్రాములే. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలున్నది. అనగా ఆ సీసాలోని నత్రజని సుమారు 44 గ్రాముల యూరియాలో దొరకును. ఈ లెక్క చూచుకొని వెల చెల్లింపుడు.